పోలీసులు వారెంట్ లేకుండా ఇంటికొస్తే ఏం అడగాలి, ఏం రాసిపెట్టుకోవాలి

మాది గుంటూరులో కోర్టు ఎదురు సందులో జిరాక్స్, టైపింగ్ షాపు. పొద్దున షట్టర్ ఎత్తేసరికే ఎవరో ఒకరు నిలబడి ఉంటారు, నిన్న రాత్రి మావాణ్ని తీసుకెళ్ళారయ్యా, ఏ కేసో చెప్పలేదు, ఏ స్టేషనో కూడా సరిగ్గా తెలీదు అని. ముందే చెప్తున్నా, నేను వకీల్ని కాదు, కేసు చూసుకోవాల్సింది వకీలే. కానీ వకీలు దొరికేలోపు ఆ మొదటి కొన్ని గంటల్లో ఇంట్లోవాళ్ళే చేయాల్సిన పనులు ఉన్నాయి, అవి జారిపోతే తర్వాత ఎంత పెద్ద వకీల్ని పెట్టినా ఆయన చేతికి పట్టు దొరకదు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మా ఇంట్లోనే జరిగింది. మా పిన్ని కొడుకు, విజయవాడలో ఉంటాడు, రాత్రి అన్నం తింటుంటే మఫ్టీలో నలుగురొచ్చి ఒక్కసారి స్టేషన్‌కి రా, మాట్లాడి పంపించేస్తాం అన్నారు. చెయ్యి కడుక్కోనిచ్చారు అంతే, చొక్కా కూడా పిన్నే వెనకాల పరిగెత్తి ఇచ్చింది. రెండు రాత్రులు పంపించలేదు. మూడో రోజు కాగితాల్లో చూస్తే ఆ రోజు పొద్దున బస్టాండ్ దగ్గర అనుమానాస్పదంగా తిరుగుతుంటే పట్టుకున్నాం అని ఉంది. ఇంట్లో కంచం ముందు నుంచి లేపుకెళ్ళారని మాకు తెలుసు, కానీ ఎవరికి చూపిస్తాం? ఎవరొచ్చారు, ఎన్నింటికి వచ్చారు, ఏ బండిలో వచ్చారు, ఒక్క ముక్క ఎవరూ రాసుకోలేదు. చివరికి ఎదురు కిరాణా కొట్టు కెమెరాలో దొరికింది, రాత్రి 9.42 కి మావాడు తెల్ల బొలేరో ఎక్కుతున్నట్టు. అది దొరక్కపోయుంటే ఆ రెండు రాత్రులు లేనట్టే లెక్క.

వారెంట్ లేకుండా పోలీసులకి చాలా పవర్ ఉంది, అది నిజం, ఎవరో వాట్సాప్‌లో పెట్టినట్టు వారెంట్ లేదు కాబట్టి బయటికి పో అంటే కుదరదు. కానీ చట్టం వాళ్ళకిచ్చిన ప్రతి పవర్‌కీ ఒక కాగితం తగిలించే ఇచ్చింది. ఆ కాగితం అడగడం, అది వచ్చేలోపు మన దగ్గర మనం టైం రాసుకోవడం, ఇంటివాళ్ళ పని ఇదే. ఇంకో మాట, అరెస్టు, సోదా, బెయిల్ ఎట్లా చేయాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ పోయి 2024 జూలై 1 నుంచి బీఎన్ఎస్ఎస్ వచ్చింది, సెక్షన్ నంబర్లన్నీ మారాయి. విచారణకి రమ్మనే నోటీసుని స్టేషన్లో ఇప్పటికీ 41ఏ అంటారు, కొత్త నంబర్ 35(3). నేను కొత్త నంబర్లే వాడుతున్నా, వకీలుతో మాట్లాడేప్పుడు పనికొస్తాయి.

ముందు తలుపు దగ్గర

తలుపు కొట్టారు, పోలీసులం అన్నారు. గొంతు పెంచకండి, దారికి అడ్డం నిలబడకండి, చెయ్యి పట్టుకోవడం, నెట్టడం అసలు వద్దు. డ్యూటీలో ఉన్న పోలీసు మీద చెయ్యి వేస్తే నేరాలు, శిక్షల చట్టం బీఎన్ఎస్ 132 కింద, అంటే పాత ఐపీసీ 353, విడిగా ఇంకో కేసు పడుద్ది, అది నాన్ బెయిలబుల్. వచ్చింది తమ్ముడి కోసం, లోపలికెళ్ళింది అన్నదమ్ములిద్దరూ, అట్లాంటి కాగితాలు నా చేత్తోనే టైప్ చేశాను.

నెమ్మదిగా రెండే ప్రశ్నలు అడగండి. సార్, మీ పేరు, ఏ స్టేషన్? సార్, విచారణకి వచ్చారా, సోదాకి వచ్చారా, అరెస్టుకి వచ్చారా? ఈ రెండోది చాలా ముఖ్యం, ఎందుకంటే మూడింటికీ మూడు వేరే రూల్స్. మాట్లాడి పంపిస్తాం అనే మాట ఈ మూడింటిలోనూ లేదు. మఫ్టీలో వస్తే, ఐడీ పార్టీ, అంటే మఫ్టీలో తిరిగి దొంగల్ని పట్టే పోలీసులు, మామూలుగా అట్లానే వస్తారు, ఐడీ కార్డు చూపించమని అడగొచ్చు. అరెస్టు చేసేవాళ్ళు పేరు స్పష్టంగా కనపడేట్టు పెట్టుకోవాలని సెక్షన్ 36 లోనే ఉంది. చూపించకపోతే గొడవ పడొద్దు, మొహాలు గుర్తుపెట్టుకోండి, బండి నంబర్ చూడండి.

ఇంట్లో ఇంకొకళ్ళు ఈలోపు సెల్‌లో మీకు మీరే ఒక మెసేజ్ పెట్టుకోవాలి, లేదా చుట్టాలెవరికైనా పెట్టాలి. ఎన్ని గంటలు, ఎంతమంది, ఎవరు ఏమన్నారు, బండి నంబర్. మెసేజ్ ఎందుకంటే దానిమీద టైం దానంతటదే పడుద్ది, తర్వాత ఎవరూ మార్చలేరు. నోట్‌బుక్‌లో రాస్తే నిన్న రాశావా ఇవాళ రాశావా అని అడుగుతారు.

విచారణకే అంటే

సాక్షిగా పిలవాలంటే సెక్షన్ 179 కింద రాతపూర్వకంగా పిలవాలి, నోటిమాట కాదు. ఆడవాళ్ళని, 15 ఏళ్ళలోపు పిల్లల్ని, 60 దాటినవాళ్ళని, వికలాంగుల్ని, జబ్బుగా ఉన్నవాళ్ళని స్టేషన్‌కి రమ్మని బలవంతం చేయకూడదు, వాళ్ళుండే చోటికే వచ్చి అడగాలి. పెద్దవాళ్ళని తీసుకొచ్చి స్టేషన్ బెంచీ మీద రాత్రంతా కూర్చోబెట్టి, కొడుకు వస్తే నిన్ను పంపిస్తాం అనేది ఏ సెక్షన్లోనూ లేదు. కొడుకు మీద కేసుంటే కొడుకుని వెతుక్కోవాలి, తల్లిని కాదు.

మీవాడి మీదే అనుమానం ఉంటే, ఇంకా అరెస్టు దాకా వెళ్ళకుండా ఇచ్చేది 35(3) నోటీసు. ఇది వస్తే చాలామంది భయపడి ఊరొదిలి పోతారు, అంతకంటే తప్పు పని ఇంకోటి లేదు. నోటీసు తీసుకుని, కాపీ మీ దగ్గర ఉంచుకుని, చెప్పిన రోజు చెప్పిన టైంకి వెళ్ళారనుకోండి, ఊరికే అరెస్టు చేయడానికి లేదు, చేయాలంటే కారణం రాసి చేయాలి. వెళ్ళకపోతే మాత్రం వాళ్ళకి మీరే కారణం చేతికిచ్చినట్టు. ఈ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది, అయినా వాట్సాప్‌లో వస్తే పట్టించుకోకుండా కూర్చోకండి, వకీలుకి చూపించి ఆయన ద్వారా జవాబు పెట్టించండి. వెళ్ళిన ప్రతిసారీ వెళ్ళినట్టు స్టేషన్లో కాగితాలు రాసే పోలీసు, అదే రైటర్ దగ్గర సంతకం తీసుకోండి, ఇవ్వకపోతే స్టేషన్ బయటకొచ్చి బోర్డు కనపడేట్టు ఒక ఫోటో తీసుకోండి.

ఇచ్చిన స్టేట్‌మెంట్ మీద సంతకం పెట్టమంటే పెట్టక్కర్లేదు, విచారణలో చెప్పింది పోలీసులు రాసుకుంటే దానిమీద చెప్పినవాడి సంతకం ఉండకూడదనే సెక్షన్ 181 చెప్తుంది. మన మెడకి చుట్టుకునే ప్రశ్నలకి జవాబు చెప్పకుండా ఉండే హక్కు రాజ్యాంగం 20(3) లో ఉంది. తెల్లకాగితం మీద సంతకం మాత్రం ఎవరడిగినా, ఎంత మంచిగా అడిగినా పెట్టొద్దు. మా షాపుకొచ్చేవాళ్ళలో సగం మంది కష్టం అక్కడే మొదలవుద్ది.

సోదాకి వస్తే

ఇది కొంచెం వివరంగా చెప్పాలి. వారెంట్ లేకుండా ఇల్లు సోదా చేసే పవర్ సెక్షన్ 185 లో ఉంది. కానీ అది ఎవరికి, స్టేషన్ ఇన్‌ఛార్జి ఎస్‌హెచ్ఓకి గానీ, కేసు దర్యాప్తు చేసే ఆఫీసర్‌కి గానీ. ఎప్పుడు, ఆ కేసుకి కావాల్సిన వస్తువు ఈ ఇంట్లో ఉందని నమ్మడానికి కారణం ఉండి, వారెంట్ తెచ్చేలోపు ఆలస్యమైపోద్ది అనుకున్నప్పుడు. ఆ కారణం, ఏ వస్తువు కోసం వెతుకుతున్నారో కూడా, వీలైనంతవరకు ముందే కేస్ డైరీలో రాయాలి. ఆ రాసినదాని కాపీ 48 గంటల్లోపు మేజిస్ట్రేట్‌కి పంపాలి. ఆ కాపీ ఇంటి ఓనర్ అయినా, ఆ ఇంట్లో ఉండేవాళ్ళయినా మేజిస్ట్రేట్ కోర్టులో దరఖాస్తు పెడితే ఫ్రీగా ఇవ్వాలి. ఈ ఒక్క సంగతి మన ఊళ్ళో నూటికి ఒక్కళ్ళకి కూడా తెలీదని నాకు బాధ, మా షాపులో ఆ దరఖాస్తు టైప్ చేయించుకున్నవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

కాబట్టి అడగాల్సింది, సార్, ఏ కేసు, ఏ నంబరు, ఏం వెతుకుతున్నారు? దొంగ బండి కోసం వచ్చినవాళ్ళకి మీ ఆవిడ నగల పెట్టెతో పనేంటి. అంత మాట మొహం మీద అనకండి, కానీ వాళ్ళు ఏ వస్తువు పేరు చెప్పారో మాత్రం మీ మెసేజ్‌లో రాసిపెట్టండి.

తర్వాత మధ్యవర్తులు. మన ఆంధ్రాలో పంచనామాని మధ్యవర్తుల రిపోర్ట్ అంటారు కదా, సెక్షన్ 103 ప్రకారం ఆ ఏరియాలో ఉండే ఇద్దరు, సంబంధం లేని పెద్దమనుషుల్ని పిలిచి వాళ్ళ ఎదురుగా సోదా చేయాలి, అక్కడ ఎవరూ రామంటేనే వేరే ఏరియా నుంచి తెచ్చుకోవాలి. మనకి మామూలుగా వీఆర్వోనో, స్టేషన్‌తో తిరిగే మనిషినో తెస్తారు. మీరు వెంటనే పక్కింటాయన్ని, అపార్ట్‌మెంట్ సెక్రటరీని పిలవండి, సార్ ఈయన కూడా ఉంటారు అని అడగండి. ఒప్పుకోకపోయినా ఆయన గుమ్మం దగ్గర నిలబడి చూసినా చాలు, రేపు సాక్ష్యం చెప్పడానికి పనికొస్తాడు. సోదా జరుగుతున్నంతసేపు ఇంట్లో మనిషి ఒకళ్ళు పక్కనే ఉండే హక్కు చట్టంలోనే ఉంది, మమ్మల్ని హాల్లో కూర్చోబెట్టి బెడ్‌రూమ్‌లో తలుపేసుకుని వెతికారు అని చెప్తుంటారు, అట్లా కూర్చోకండి, సార్ నేను పక్కనే ఉంటాను ఏమీ ముట్టుకోను అని వెనకాలే వెళ్ళండి. ఆడవాళ్ళ ఒంటిమీద సోదా ఆడ పోలీసే చేయాలి, మర్యాదగా చేయాలి.

కొత్త చట్టంలో వచ్చిన మంచి మార్పు సెక్షన్ 105, సోదా మొత్తం వీడియో తీయాలి, లిస్టు రాసేది, సాక్షులు సంతకాలు పెట్టేది కూడా అందులో ఉండాలి, సెల్‌ఫోన్‌తో తీసినా పర్లేదు, ఆలస్యం లేకుండా మేజిస్ట్రేట్‌కి పంపాలి. వీడియో తీస్తున్నారా సార్ అని అడిగితే అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. తీస్తున్నారని తెలిస్తే మీరు కూడా గట్టిగా, అర్థమయ్యేట్టు మాట్లాడండి, ఈ బీరువా తాళం నేనే తీసిస్తున్నాను, ఇందులో ఇవి ఉన్నాయి అని. అది రికార్డయిపోద్ది.

ఇక లిస్టు. ఏం తీసుకున్నా లిస్టు రాయాలి, ఏది ఎక్కడ దొరికిందో రాయాలి, కాపీ మీకివ్వాలి. ఆ మధ్య ఒకావిడ ఆ లిస్టు కాపీ జిరాక్స్‌కి తెచ్చారు, రెండో పేజీలో 6వ నంబర్ తర్వాత నాలుగు లైన్లు ఖాళీ, కింద ఆవిడ సంతకం. అమ్మా ఈ ఖాళీ అప్పుడే ఉందా అంటే ఏమో నాయనా, వాళ్ళు చెప్పిన చోట పెట్టాను అన్నది. అట్లా పెట్టకండి. ఆఖరి వస్తువు కింద అడ్డంగా గీత కొట్టించి, ఆ గీత కిందే సంతకం పెట్టి, పక్కన తేదీ, టైం మీ చేత్తో రాయండి. సెల్‌ఫోన్ తీసుకుంటే కంపెనీ పేరు, రంగు, ఐఎంఈఐ నంబర్ రాయించండి, డబ్బులు తీసుకుంటే ఎన్ని 500 నోట్లు ఎన్ని 100 నోట్లు అని రాయించండి, బంగారం అయితే ఏ వస్తువు, ఎన్ని గ్రాములు. కాపీ ఇవ్వకుండా వెళ్తుంటే ఆ లిస్టుకి ఒక ఫోటో తీసుకోనివ్వమని అడగండి, అదీ కుదరకపోతే వాళ్ళు గేటు దాటంగానే గుర్తున్నది గుర్తున్నట్టు మెసేజ్‌లో పెట్టేయండి.

అరెస్టు చేయాల్సిన మనిషి ఈ ఇంట్లో దూరాడని నమ్మకం ఉంటే సెక్షన్ 44 కింద వారెంట్ లేకుండానే లోపలికి రావచ్చు, మనం దారివ్వాలి, ఇవ్వకపోతే ఎవరో, ఎందుకొచ్చారో చెప్పి తలుపు పగలగొట్టొచ్చు కూడా. కాబట్టి తలుపేసుకుని కూర్చోవద్దు. అయితే మనిషి కోసం వచ్చినవాళ్ళు మనిషి పట్టే చోట వెతకాలి గానీ పప్పు డబ్బాల్లో కాదు.

తెల్లవారుజామున కాలనీ చుట్టుముట్టి ఇల్లిల్లూ చూసే కార్డన్ అండ్ సెర్చ్ గురించి చాలామంది అడుగుతారు. ఆ పేరుతో బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ లేదు. బండి కాగితాలు అడిగితే చూపించండి, యూనిఫాంలో ఉన్న ఆఫీసర్ లైసెన్స్ అడిగే పవర్ మోటార్ వెహికల్ చట్టంలోనే ఉంది, డిజీలాకర్‌లో చూపించినా చెల్లుద్ది. ఇంటి లోపలికొస్తాం అంటే మాత్రం పైన చెప్పిన ప్రశ్నలే, ఏ కేసు, ఏం వెతుకుతున్నారు.

హైవే మీద, బస్టాండ్‌లో

విశాఖ ఏజెన్సీ వైపు నుంచి గంజాయి దిగేది 16వ నంబర్ హైవే మీద, రైళ్ళలో కూడా, కాబట్టి బెజవాడలో గానీ గుంటూరులో గానీ బ్యాగులు చూడటం మామూలే. బస్సులో, రోడ్డు మీద, అంటే పబ్లిక్ ప్లేస్‌లో గంజాయి అనుమానం ఉంటే బ్యాగు వెతకడానికి ఎన్‌డీపీఎస్, అంటే మత్తుమందుల చట్టంలో వారెంట్ అక్కర్లేదు. ఒంటిమీద వెతకాలంటే మాత్రం అదే చట్టంలో సెక్షన్ 50, గెజిటెడ్ ఆఫీసర్ ముందో మేజిస్ట్రేట్ ముందో నన్ను చెక్ చేయండి అనే హక్కు మీకుంది, ఆ హక్కుందని వాళ్ళే మీకు చెప్పాలి కూడా, 1999 లో బల్దేవ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. హాస్టల్ పిల్లలకి ఒక్క మాట, ఎవరో తెలియనివాళ్ళు, ఆఖరికి తెలిసినవాళ్ళయినా సరే, ఈ బ్యాగు విజయవాడ దాకా తీసుకెళ్ళి మావాడికివ్వు అంటే పట్టుకోకండి. ఈ కేసుల్లో సరుకు బరువెక్కువైతే బెయిల్ చాలా కష్టం, ఆ పిల్లల తల్లిదండ్రులు కోర్టు మెట్ల మీద కూర్చుని ఉండటం నేను చూడలేను.

అరెస్టు అన్నప్పుడు

వారెంట్ లేకుండా అరెస్టు చేసే పవర్ సెక్షన్ 35 లో ఉంది, అది అన్ని కేసులకీ ఒకేలాగ లేదు. నేరానికి ఏడేళ్ళకి మించి శిక్షుంటే, హత్య, దోపిడీ లాంటివి, గట్టి సమాచారం ఉంటే చేయొచ్చు. ఏడేళ్ళు, అంతకంటే తక్కువ ఉన్నవి, దొంగతనం, చీటింగ్, భార్యాభర్తల కేసులు, వీటిలో అనుమానం ఉంది అంటే సరిపోదు, అరెస్టు ఎందుకు తప్పదో కూడా రాయాలి, మళ్ళీ నేరం చేస్తాడనో, సాక్షుల్ని బెదిరిస్తాడనో, సాక్ష్యం మాయం చేస్తాడనో, కోర్టుకి రాడనో. 2014 జూలైలో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీని గురించి చాలా గట్టిగా చెప్పింది, కారణం లేకుండా అరెస్టు చేసిన ఆఫీసర్ మీద డిపార్ట్‌మెంట్ చర్య, కోర్టు ధిక్కారం, ఏం చూడకుండా రిమాండ్ ఇచ్చిన మేజిస్ట్రేట్ మీద కూడా చర్య ఉంటుందని. పరువు నష్టం లాంటి నాన్ కాగ్నిజబుల్ కేసుల్లో అయితే మేజిస్ట్రేట్ ఆర్డర్ లేకుండా దర్యాప్తే మొదలుపెట్టకూడదు.

60 దాటినవాళ్ళని గానీ, బాగా నీరసంగా, జబ్బుగా ఉన్నవాళ్ళని గానీ మూడేళ్ళలోపు శిక్షుండే కేసులో అరెస్టు చేయాలంటే ముందు డీఎస్పీ పర్మిషన్ ఉండాలి, విజయవాడలో అయితే ఏసీపీ. ఆడవాళ్ళని పొద్దుగూకిన తర్వాత, తెల్లారకముందు అరెస్టు చేయకూడదు, తప్పదనుకుంటే మహిళా ఆఫీసరే రాసి ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ దగ్గర ముందు పర్మిషన్ తీసుకోవాలి. మగ పోలీసు ఆడమనిషి మీద చెయ్యి వేసి అరెస్టు చేయకూడదు.

అరెస్టు అయితే మూడు అడగండి. మొదటిది అరెస్ట్ మెమో. అందులో తేదీ, టైం ఉండాలి, ఇంట్లోవాళ్ళు ఒకళ్ళు గానీ ఆ ఏరియా పెద్దమనిషి గానీ సాక్షి సంతకం పెట్టాలి, అరెస్టయిన మనిషి కూడా పెట్టాలి. ఈ మెమో మనకి ఊరికే రాలేదు, పశ్చిమ బెంగాల్లో లీగల్ ఎయిడ్ నడిపే డీకే బసు అనే ఆయన 1986 లో లాకప్ చావుల వార్తలు పేపర్లో చూసి సుప్రీంకోర్టుకి ఒక ఉత్తరం రాశారు, దాన్నే పిటిషన్‌గా తీసుకుని పదేళ్ళ తర్వాత, 1996 డిసెంబర్లో కోర్టు 11 రూల్స్ పెట్టింది, అవే తర్వాత చట్టంలోకి వచ్చాయి. ఎవరో ఒకాయన రాసిన ఉత్తరం ఇవాళ మన పిల్లాడి చేతిలో కాగితమైంది, అది తలుచుకుంటే నాకు అడగడానికి ధైర్యం వస్తుంది. సాక్షి సంతకం మీరు పెడుతుంటే టైం దగ్గర ఏం రాశారో చదవండి. తప్పుంటే నేను సంతకం పెడతాను సార్, పక్కన మేం చూసిన టైం కూడా రాస్తాను అనండి. మావాడి కేసులో ఆ మెమో మీద ఎవరో తెలియని మనిషి సంతకం ఉంది.

రెండోది అరెస్టుకి కారణాలు, రాతపూర్వకంగా. 2025 నవంబర్లో సుప్రీంకోర్టు మిహిర్ రాజేష్ షా కేసులో ఏ నేరమైనా సరే కారణాలు రాసివ్వాలి, అరెస్టయిన మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి, అప్పటికప్పుడు కుదరకపోతే రిమాండ్‌కి తీసుకెళ్ళడానికి కనీసం రెండు గంటల ముందైనా ఇవ్వాలని చెప్పింది. అంటే మనవాడికి తెలుగే వస్తే తెలుగులోనే. ఇంగ్లీషులో ఇచ్చి సంతకం పెట్టించుకున్నా అది ఇచ్చినట్టు కాదు. మూడోది ఇంటికి కబురు, ఎక్కడ పెట్టారో మీకు చెప్పాలి, ఎవరికి చెప్పారో స్టేషన్ పుస్తకంలో రాయాలి. బెయిలబుల్ కేసయితే స్టేషన్ బెయిల్ మీ హక్కు, అడుక్కోవాల్సింది కాదు, ఆ సంగతి వాళ్ళే చెప్పాలి.

స్టేషన్ దగ్గర, ఆ రాత్రి

ఒక్కళ్ళు వెళ్ళొద్దు, ఇద్దరు వెళ్ళండి, గుంపుగా వెళ్ళొద్దు. మనిషి లోపల ఉన్నాడో లేదో కళ్ళారా చూడాలి. మా దగ్గర లేడు అంటే పక్క స్టేషన్, క్రైమ్ స్టేషన్ కూడా అడగండి. ప్రతి స్టేషన్లో, జిల్లా కంట్రోల్ రూమ్‌లో అరెస్టయినవాళ్ళ పేర్లు చూసే ఆఫీసర్ ఒకరు, ఏఎస్ఐకి తగ్గకుండా, ఉండాలని సెక్షన్ 37. 112 కి ఫోన్ చేసి మనిషి కనపడట్లేదు, పోలీసులమని చెప్పి తీసుకెళ్ళారు అని చెప్పండి, ఆ కాల్ కూడా రికార్డవుద్ది, టైంతో సహా. తర్వాత విజయవాడయితే పోలీస్ కమిషనర్‌కి, గుంటూరైతే ఎస్పీకి, నాలుగు లైన్లు చాలు, మెయిల్ పెట్టండి, తెల్లారి స్పీడ్ పోస్ట్ కూడా చేయండి. పేరు, వయసు, ఎన్నింటికి, ఎక్కడి నుంచి, బండి ఏంటి, ఇంతవరకు ఎక్కడున్నాడో చెప్పలేదు. ఇంతే రాయండి, తిట్లు, రాజకీయాలు వద్దు. మనిషి మందులు వేసుకునేవాడైతే షుగర్, బీపీ చీటీ కూడా తీసుకెళ్ళి ఎస్ఐకి చూపించండి.

విచారణ చేస్తున్నప్పుడు మొత్తం టైం కాకపోయినా వకీలుని కలిసే హక్కుంది, సెక్షన్ 38. డబ్బుల్లేకపోతే 15100 కి ఫోన్ చేయండి, అది న్యాయ సేవాధికార సంస్థ నంబర్. ఆడవాళ్ళకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, కస్టడీలో ఉన్నవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఫ్రీ వకీలు ఇస్తారు. అక్కడిచ్చే వకీలు సరిగ్గా చూడరని ఒక అపోహ ఉంది, నేను చూసినంతవరకు రాత్రి 11 కి కూడా ఫోన్ ఎత్తినవాళ్ళున్నారు.

అప్పుడే, ఆ రాత్రే, మీ వీధిలో కెమెరాలున్న కొట్లు, అపార్ట్‌మెంట్లు అన్నీ తిరగండి. చాలా కెమెరాల్లో కొన్ని రోజులకే పాతది చెరిగిపోద్ది. కెమెరా రికార్డు చేసే పెట్టె, అదే డీవీఆర్ స్క్రీన్ మీద టైం నిజం టైంకి ఎంత తేడాగా ఉందో కూడా మీ సెల్ గడియారం పక్కన పెట్టి ఒక ఫోటో తీయండి, కిరాణా కొట్టు కెమెరాలో 9.42 అని పడింది, నిజానికి అది నాలుగు నిమిషాలు ముందుంది, అది ముందే చూసుకోబట్టి తర్వాత వాదనలో ఇబ్బంది రాలేదు. స్టేషన్ కెమెరాల రికార్డింగ్ కూడా 18 నెలలు దాచాలని 2020 డిసెంబర్లో సుప్రీంకోర్టు చెప్పింది, అది చెరిపేయకుండా ఉంచమని వకీలుతో కోర్టులో పిటిషన్ వేయించండి.

ఈమధ్య వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకుని డిజిటల్ అరెస్ట్ అని బెదిరించి డబ్బులు లాగుతున్నారు. అట్లాంటి అరెస్టు చట్టంలోనే లేదు. ఫోన్ పెట్టేసి సైబర్ మోసాల నంబర్ 1930 కి చెప్పండి.

24 గంటల లెక్క

తీసుకెళ్ళిన నిమిషం నుంచి 24 గంటలు, ప్రయాణం టైం తీసేసి, ఆలోపు దగ్గర్లో ఉన్న మేజిస్ట్రేట్ ముందుకి తీసుకురావాలి. రాజ్యాంగం 22(2), బీఎన్ఎస్ఎస్ 58. ఆదివారం, పండగ ఇవేవీ లెక్కలోకి రావు, సెలవైతే మేజిస్ట్రేట్ గారి ఇంటి దగ్గరికైనా తీసుకెళ్ళాలి. అందుకే కాగితాల్లో అరెస్టు టైం వెనక్కీ ముందుకీ జరుగుద్ది, అందుకే నేను మొదట్నుంచీ టైం టైం అని మొత్తుకుంటున్నా. 24 గంటలు దాటినా చూపించకపోతే వకీలుతో అమరావతిలో హైకోర్టుకి హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందుకి తెమ్మనే పిటిషన్, వేయించొచ్చు, మన గుంటూరు నుంచి హైకోర్టు ఉన్న నేలపాడు ఎంత దూరం, పొద్దున బయల్దేరితే పని మొదలయ్యేసరికి అక్కడుంటాం. వేసేప్పుడు అడిగే మొదటి ప్రశ్న, ఎప్పుడు తీసుకెళ్ళారు, ఏంటి ఆధారం. మీ మెసేజ్, 112 కాల్, మెయిల్, కెమెరా, ఇవి బయటికొచ్చేది అక్కడ.

కోర్టుకి తెచ్చేముందు డాక్టర్ పరీక్ష చేయించాలి, మామూలుగా జీజీహెచ్‌కి, అంటే పెద్ద ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్తారు. దెబ్బలుంటే అక్కడ డాక్టర్‌కి చెప్పమని మీవాడికి ఎట్లాగైనా కబురు పంపండి, పోలీసు పక్కన నిలబడ్డాడని పడ్డాను అని చెప్పేస్తారు పాపం, ఆ ఒక్క మాటతో కేసు మారిపోద్ది. తర్వాత మేజిస్ట్రేట్ గారు అడుగుతారు, పోలీసులు ఏమైనా కొట్టారా, ఏమైనా చెప్పుకోవాలా అని. పొట్టిగా అడుగుతారు, టైం తక్కువ. మావాడు అప్పుడు నోరు తెరిచి, అయ్యా నన్ను మొన్న రాత్రి 9.40 కి ఇంటి దగ్గర తీసుకెళ్ళారు అన్నాడు, వకీలు పెన్‌డ్రైవ్ ఇచ్చారు, మేజిస్ట్రేట్ గారు రాసుకున్నారు. ఆ రోజు రిమాండ్ ఆగలేదు, కానీ బెయిల్ పిటిషన్‌లో మొదటి పేరా అదే అయింది, పదకొండో రోజుకి వచ్చాడు.

కోర్టుకి వెళ్ళే రోజు ఒక ప్లాస్టిక్ ఫోల్డర్‌లో ఇవి పెట్టుకుని వెళ్ళండి, మీవాడి ఆధార్ జిరాక్స్, ఎఫ్ఐఆర్ కాపీ, చాలా కేసుల్లో ఏపీ పోలీస్ వెబ్‌సైట్‌లోనే దొరుకుద్ది, అరెస్ట్ మెమో, కారణాల కాగితం, సీజ్ లిస్టు, మీరు పంపిన మెయిల్ ప్రింట్, మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు, మందుల చీటీ. జామీను నిలబడేవాళ్ళిద్దరిని ముందే మాట్లాడిపెట్టుకోండి, ఇంటి పన్ను రసీదు, ఆధార్, ఫోటోలు వాళ్ళవి కూడా తెప్పించుకోండి, బెయిల్ వచ్చాక శుక్రవారం సాయంత్రం జామీనుదారు కాగితం లేక సోమవారం దాకా లోపలే ఉండిపోయిన పిల్లలున్నారు. అన్నిటికీ మూడేసి కాపీలు, ఒరిజినల్ మాత్రం ఎవరికీ ఇవ్వకండి.